రిట్రీట్‌లో వచ్చిన విడుదల 11 రోజులకే పోయింది. అసలు వచ్చిందంటారా?

మూడోరోజు అడిగారు:

అందరికీ వందనాలు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

పోయిన నెల, ఇల్లూ పనీ వదిలి ప్రార్థనలో గడిపే మూడు రోజుల రిట్రీట్‌కి వెళ్లొచ్చాను. నేనేం పెద్ద భక్తిపరుణ్ణి కాదు. ఆదివారం ఆరాధనకి వెళ్తాను, వాక్యం అప్పుడప్పుడు చదువుతాను, ప్రార్థన అంటే పడుకునే ముందు రెండు ముక్కలు. రెండేళ్లుగా లోపల ఎండిపోయినట్టుంది, పాట పాడుతుంటే నోరు కదులుతుంది గానీ మనసు ఎక్కడో ఉంటుంది. మా ఆవిడ చెప్పీ చెప్పీ చివరికి తనే పేరు రాయించి పంపింది.

వెళ్లగానే ఫోన్లు తీసుకుని, ఒక్కోటి ఒక్కో గుడ్డ సంచిలో వేసి పేర్లు రాసి పెట్టారు. మొదటి రోజంతా నాకు దేవుడు గుర్తు రాలేదు, ఫోనే గుర్తొచ్చింది. జేబులో లేదని తెలుసు, అయినా తొడ దగ్గర వైబ్రేట్ అయినట్టే ఉండేది, చెయ్యి దానంతటదే జేబులోకి పోయేది. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ గోల తగ్గింది. ఆ సాయంత్రం, ఎవరిని క్షమించలేకపోతున్నారో వాళ్ల పేరు చీటీ మీద రాసి సిలువకి గుచ్చమన్నారు. నాకు ఆలోచించాల్సిన పనే లేదు, మా అన్న. రాశాను, కొట్టేశాను, మళ్లీ దాని కిందే రాశాను. గుచ్చుతుంటే గుండుసూది వంగిపోయి వేలికి దిగింది కూడా. వచ్చి కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. నాన్న పోయినప్పుడు కూడా నేను అలా ఏడవలేదు. ఆ రాత్రి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాలేదు, అలాంటి నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో.

మూడో రోజు సాక్ష్యాలు, అంటే దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కరూ లేచి అందరి ముందూ చెప్పడం. నేనూ లేచాను. మా అన్న మీద నాకింక ఏమీ లేదు, పూర్తి విడుదల వచ్చింది అని మైకులో చెప్పాను. అబద్ధం చెప్పలేదండీ, ఆ నిమిషానికి అది నిజమే.

ఇంటికొచ్చాక పది రోజులు నిజంగా వేరే మనిషిలా ఉన్నానని మా ఆవిడే అంది. పదకొండో రోజు అన్న దగ్గర్నుంచి ఒక మెసేజ్. ఒక్క లైను. చూడగానే ఛాతీలో అదే మంట. అది ఎక్కడికీ పోలేదు, ఇన్నాళ్లూ పక్క గదిలో కూర్చుని ఉన్నట్టుంది. ఆ రోజు ఏ సంబంధం లేని పిల్లల మీద అరిచాను.

నా ప్రశ్న ఏమిటంటే, అక్కడ జరిగింది దేవుని పనా, లేక పాటలు, చీకటి హాలు, నలుగురూ ఏడుస్తుంటే వచ్చిన ఏడుపా? నిజంగా దేవుడే విడిపిస్తే అది 11 రోజులకే పోతుందా? ఇంకొకటి, అంతమంది ముందు సాక్ష్యం చెప్పాను కదా, ఇప్పుడు వాళ్లు ఎవరైనా కనబడితే మొహం ఎలా చూపించాలో తెలియడం లేదు.

---

జ్వాల77:

బ్రదర్, ప్రైజ్ ద లార్డ్. ఇందులో అర్థం కానిది ఏముంది? విడుదల వచ్చింది, మీరు కాపాడుకోలేదు, అపవాది (సాతాను) ఎత్తుకుపోయాడు. మూడు రోజులు ఉపవాసం ఉండండి. ఆ మెసేజ్ డిలీట్ చేసేయండి. వీలైతే ఇంకో రిట్రీట్‌కి వెళ్లండి, ఈసారి ఐదు రోజులది చూసుకోండి. నిజమా కాదా అని అనుమానం పెట్టుకుంటే మిగిలింది కూడా పోతుంది. ఆమెన్.

---

తాళాల గుత్తి:

తమ్ముడూ, పై జవాబు చూసి కంగారుపడకు. (జ్వాల గారూ, మీ మీద కోపం కాదు. అలసిపోయి వచ్చినవాడికి ఇంకో మూడు రోజులు తిండి మానేయమని చెప్పేముందు ఒక్క ప్రశ్నయినా అడగాలి కదా.)

నేను 12 ఏళ్లుగా రిట్రీట్లలో వాలంటీర్‌గా చేస్తున్నాను. మైకు దగ్గర కాదు, గదుల దగ్గర. తాళాలు, దుప్పట్లు, మోకాళ్ల నొప్పులవాళ్లకి కింది మంచం, గురక పెట్టేవాళ్లకి చివరి గది, ఇదే నా పరిచర్య. వెనకనుంచి చూసేవాళ్లకి కొన్ని తెలుస్తాయి. మొదటి రాత్రి వరండాలో అడుగుల చప్పుడు ఆగదు. తాళంచెవి వంకతో నా దగ్గరికొచ్చి టైమెంతయిందని అడుగుతారు, చేతిలో ఫోన్ లేదుగా. రెండో రాత్రికి ఆ చప్పుడు సగం తగ్గుతుంది. మూడో రాత్రి కూడా ఉన్న రిట్రీట్లలో ఇక వినబడేవి గురకలే. నువ్వు చెప్పిన నిద్ర నాకు బాగా తెలుసు. అది ఒట్టి అలసట తీరడమే, దేవుడిది కాదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అలసట తీర్చేదెవరు మరి?

బైబిల్లో ఏలీయా ప్రవక్త సంగతి చూడు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగింది. అంతకంటే పెద్ద సభ, అంతకంటే పెద్ద విజయం ఏముంటుంది? ఆ వెంటనే యెజెబెలు రాణి, చంపిస్తానని ఒక్క కబురు పంపింది. ఒక్కటంటే ఒక్కటే, నీ ఒక్క లైను మెసేజ్ లాగే. అంతే, ప్రాణభయంతో పారిపోయి, ఇక నా ప్రాణం తీసుకో ప్రభువా అని చెట్టు కింద పడి నిద్రపోయాడు. దేవుడు అప్పుడు అతనికి విశ్వాసం మీద ప్రసంగం చెప్పలేదు. దూత తట్టి లేపి తినమన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ లేపి తినమన్నాడు. నలభై రోజుల నడక, హోరేబు కొండ, అక్కడ వినబడిన దేవుని మెల్లని స్వరం, అన్నీ ఆ తర్వాతే. ఇంతకీ ఆ స్వరం ఏమంది? వచ్చిన దారినే తిరిగి వెళ్లమంది. పని చెప్పి పంపింది. కొండ మీదే ఉండిపొమ్మనలేదు.

మార్కు సువార్త 6లో ఇంకోటుంది, నాకు చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. శిష్యులకి తినడానికి కూడా తీరిక లేకపోతే, ఏకాంతంగా రండి, కొంచెంసేపు అలసట తీర్చుకోండి అని యేసే పిలిచాడు. పడవెక్కారు. జనం చూసి ఒడ్డు వెంట పరిగెత్తి వీళ్లకంటే ముందే అక్కడికి చేరిపోయారు. దిగేసరికి వేలమంది, ఆ సాయంత్రం ఐదువేల మంది మగవాళ్లకి భోజనం పెట్టాల్సొచ్చింది. అంటే వాళ్ల రిట్రీట్ పడవలో ఉన్నంతసేపే! నీకు మూడు రోజులు దొరికాయి, నయం కదా.

పోతుందా అన్నావు. మెథడిస్టు అనే క్రైస్తవ శాఖకి మూలపురుషుడు జాన్ వెస్లీ 1738 మే 24న లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన చిన్న కూటంలో తన హృదయం వింతగా వెచ్చబడిందని డైరీలో రాసుకున్నాడు. మెథడిస్టులు ఇప్పటికీ ఆ రోజుని తలుచుకుంటారు. అదే మనిషి 1739 జనవరిలో, ఎనిమిది నెలలు కూడా తిరక్కముందే, నేనిప్పుడు క్రైస్తవుణ్ణి కాను అని అదే డైరీలో రాశాడు. తర్వాత యాభై ఏళ్లకు పైగా వాక్యం ప్రకటిస్తూ తిరిగాడు. మొదటిది రాసినప్పుడు అబద్ధమాడాడా, రెండోది రాసినప్పుడా? రెండూ అతనే.

నీకు అక్కడ తేలికయింది. ఆ తేలిక పోయింది, అది పోయేదే, పెళ్లయిన కొత్తలో ఉండే సంబరంలాంటిది. విడుదల సంగతి వేరు, అది ఇంకా తేలలేదు. మెసేజ్ చూడగానే మండింది, సరే. ఆ మంట పెట్టుకుని నువ్వేం చేశావు? అన్నకి ఏమని జవాబిచ్చావు? ముందు అది చెప్పు. ఇంతకీ ఆ ఒక్క లైనులో ఏముంది?

---

పాత కీబోర్డ్:

ఆ చీటీలు గుచ్చేటప్పుడు వెనకాల సంగీతం ఉండే ఉంటుంది కదా? అలా వాయించేవాళ్లలో నేనొకణ్ణి. మీ రిట్రీట్‌లో కాదులెండి.

మీ అనుమానం అనుమానం కాదు, అందులో నిజం ఉంది. ఆ సమయంలో మేం డ్రమ్స్ ఆపేస్తాం. కీబోర్డ్‌లో ప్యాడ్ సౌండ్ పెట్టి రెండే రెండు కార్డ్స్ (స్వరాల గుంపులు) మధ్య అటూ ఇటూ తిరుగుతుంటాం, ఎక్కడా ముగిసినట్టు అనిపించకూడదు. బోధకుడు గొంతు తగ్గిస్తే మేమూ తగ్గిస్తాం. నలుగురు లేచి ముందుకు రావడం మొదలుపెట్టాక కాస్త పెంచుతాం. ముందు వరసలోంచి చేత్తో సైగ వస్తుంది, ఇంకోసారి అని. నాకు ఇదంతా చాలాకాలం బాగానే ఉండేది, ఒక దశలో నా మీద నాకే అసహ్యం వేసింది, వీళ్లని ఏడిపిస్తున్నది నేనేనా అని.

అప్పుడొకసారి సరిగ్గా ఆ టైముకే కరెంటు పోయింది. జనరేటర్ స్టార్ట్ కాలేదు. కీబోర్డ్ చచ్చిపోయింది, మైకు చచ్చిపోయింది, నా వేళ్లు కీస్ మీదే ఉండిపోయాయి. ఇక అయిపోయింది, అందరూ లేచి వెళ్లిపోతారు అనుకున్నా. ఎవరూ లేవలేదు. కొంచెంసేపటికి ఎవరో కొవ్వొత్తులు తెచ్చారు. అప్పుడు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు, ఇంతకుముందు వచ్చే హడావుడిలా కాదు, నెమ్మదిగా. ఒక పెద్దాయన చీటీ పట్టుకుని ఒక పది నిమిషాలు అలానే నిలబడి, గుచ్చకుండానే జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు బాగా నచ్చినవాడు ఆయనే. ఎందుకో చెప్పలేను.

ఫ్రాన్స్‌లో తైజే అని ఒక మఠం ఉంది, 1940లో బ్రదర్ రోజే అనే ఆయన అక్కడికి వచ్చి మొదలుపెట్టాడు, ఇప్పుడు అన్ని సంఘాల యువకులూ వెళ్తారు. వాళ్ల పాటలు చాలా చిన్నవి, ఒకే మాట మళ్లీ మళ్లీ పాడతారు. కానీ ప్రతి ప్రార్థనలో ఒకచోట పాట ఆపేసి, అందరూ ఎనిమిది పది నిమిషాలు ఊరికే కూర్చుంటారు. అదే నాకు నచ్చుతుంది. సంగీతం తీసేస్తే ఏం మిగిలిందో అక్కడ తెలిసిపోతుంది.

మీ విషయంలో నేననేది, కన్నీళ్లలో మావాళ్ల వాటా కొంత ఉండొచ్చు. చీటీ మీద ఆ పేరు మాత్రం ఏ కీబోర్డూ రాయలేదు. కొట్టేసి మళ్లీ రాశారు చూడండి, అది మీరే.

---

నెమ్మది నడక:

మాది కేథలిక్ కుటుంబం, అందుకని నా మాటలు కొంచెం వేరేగా ఉండొచ్చు. మా దగ్గర రిట్రీట్ అంటే ఎక్కువగా మౌనం, ఒక గైడ్‌తో రోజూ కాసేపు మాట్లాడటం, మిగతా టైమంతా ప్రార్థన. ఈ పద్ధతికి మూలం ఇగ్నేషియస్ లొయోలా.

ఆయన మొదట సైనికుడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచం మీదే. పొద్దుపోక వీరుల కథలు అడిగితే ఇంట్లో అవి లేవు, క్రీస్తు జీవితం, పునీతుల (సెయింట్ల) జీవితాలు తెచ్చిచ్చారు. అవి చదువుతూ మధ్యమధ్యలో పగటికలలు కనేవాడు. గొప్ప యుద్ధవీరుడై ఒక రాకుమార్తె మెప్పు పొందినట్టు కొన్ని, పునీతుల్లా బతికినట్టు కొన్ని. కనేటప్పుడు రెండూ బాగానే ఉండేవట. అయిపోయాక మొదటిది నోరు చేదెక్కినట్టు వదిలేది, రెండోదాని తర్వాత సంతోషం అలాగే ఉండేది. ఆ తేడా పట్టుకున్నాడు, అదే ఆయన మొత్తం పద్ధతికి విత్తనం. 1522లో మన్రేసా అనే ఊళ్లో ఉంటూ రాసుకోవడం మొదలుపెట్టిన నోట్సే తర్వాత పుస్తకమైంది, 1548లో మూడో పాల్ పోపు ఆమోదించారు. దాదాపు 30 రోజుల ధ్యానం, నాలుగు 'వారాలు'గా. 1922లో పదకొండో పియస్ పోపు ఆయన్ని రిట్రీట్లకు పాలక పునీతుడిగా ప్రకటించారు.

ఈ చరిత్ర అంతా ఎందుకు చెప్పానంటే, మీ బాధ ఆయనకి ముందే తెలిసినట్టుంటుంది. రిట్రీట్ నడిపేవాళ్లకి ఆయన ఇచ్చిన సూచనల్లో 14వది ఇదే. రిట్రీట్‌కి వచ్చినవాడు మంచి ఉత్సాహంలో, ఆదరణలో ఉంటే, ఆ ఊపులో తొందరపడి ఏ మాటా ఇవ్వకుండా, ఏ మొక్కుబడీ చేసుకోకుండా గైడ్ ముందే హెచ్చరించాలి అని. మూడో రోజు ఉదయం ఏడ్చి ఏడ్చి తేలికపడ్డ మనిషికి మైకు ఇచ్చి 'పూర్తి విడుదల' అనిపించడం, నన్నడిగితే, మీ తప్పుకన్నా నడిపినవాళ్ల తొందర. సాక్ష్యాలు వద్దనడం లేదు. ఆరు నెలలాగి చెప్పిస్తే ఏం పోయింది?

అదే పుస్తకంలో ఇంకో నియమం కూడా ఉంది. లోపల ఎండిపోయి, చీకటిగా ఉన్నప్పుడు, అంతకుముందు వెలుగులో ఉండగా తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకోకూడదు. వెలుగులో పొంగిపోయి మాట ఇవ్వొద్దు, చీకట్లో ఇచ్చిన మాట తీసేసుకోవద్దు. ఇప్పుడు మీరు రెండోదాంట్లో ఉన్నారు. 'అదంతా ఒట్టిదే' అని తీర్పు చెప్పడానికి ఇది సమయం కాదు, ఆ తీర్పు వాయిదా వేయండి. ఒట్టిదే అయితే ఇంకో నెలయ్యాక కూడా ఒట్టిదిగానే ఉంటుంది కదా, ఎక్కడికి పోతుంది.

ఇంకో రిట్రీట్ వెంటనే వద్దు. పనులు వదిలి రాలేనివాళ్ల కోసం 19వ సూచనలో ఇంకో దారి చెప్పాడాయన. ఇంట్లోనే ఉండి, రోజూ కొంత సమయం ప్రార్థనకి పెట్టుకుని, అప్పుడప్పుడు గైడ్‌ని కలుస్తూ నెలల తరబడి అవే ధ్యానాలు చేయడం. నేను అలాగే చేశాను, తొమ్మిది నెలలు పట్టింది. మూడు రోజుల్లో వచ్చినంత కన్నీళ్లు ఆ తొమ్మిది నెలల్లో రాలేదు. చాలా రోజులు కుర్చీలో కూర్చుని గడియారం చూసుకున్నవే. కానీ మా అత్తగారితో నేను మాట్లాడే తీరు ఆ తొమ్మిది నెలల్లోనే మారింది, అది నాకంటే ముందు మా అమ్మాయి గమనించింది.

---

మూడోరోజు:

తాళాల గుత్తి అక్కా, ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. అడిగారు కాబట్టి చెప్తున్నా.

నాన్న చివరి ఏడాదిన్నర మంచంలోనే. నేను, మా ఆవిడే చూసుకున్నాం. రాత్రి రెండింటికి లేచి పక్క మార్చడం, గొట్టం మార్చడం, అన్నీ. అన్న నెలకోసారి ఫోన్. ఆఖరి రెండు రోజులకి వచ్చాడు, సమాధి దగ్గర లేచి మాట్లాడాడు, నాన్న సేవలో దేవుడు మాకు ఎంత కృప ఇచ్చాడో అన్నాడు. 'మాకు' అన్నాడు. ఆ ఒక్క మాట నాకు రెండేళ్లుగా గొంతులో ఉంది.

మెసేజ్ ఏమిటంటే, 'నాన్న ఫొటోలు ఏమన్నా ఉంటే పంపరా'. అంతే. చెప్తుంటే నాకే సిగ్గుగా ఉంది, ఇందులో తప్పేముంది? కానీ చూడగానే మండింది. జవాబు ఇవ్వలేదు. ఒకటి మాత్రం నిజం, ఇంతకుముందైతే నాలుగు పేరాలు టైప్ చేసి ఉండేవాణ్ణి, వాటిలో రెండు పంపేవాణ్ణి కూడా. ఈసారి ఫోన్ బోర్లా పెట్టి బయటికి నడిచాను. వచ్చాక పిల్లల మీద అరిచాననుకోండి.

---

పేరెందుకు:

నేను మరీ వేరే అనుభవం చెప్పాలి, ఎందుకంటే ఇది చదివి రేపు ఎవరో ఒకరు రిట్రీట్‌కి బయల్దేరతారు.

నేను వెళ్లినచోట 'విడుదల సెషన్' అని రాత్రి పదకొండుకి మొదలుపెట్టి రెండు దాటేదాకా సాగదీశారు, మళ్లీ ఐదింటికి లేపారు. నాకు అప్పుడు డిప్రెషన్‌కి మందులు నడుస్తున్నాయి. చిన్న గ్రూపులో ఆ మాట చెప్పాను. మందులు వేసుకోవడమంటే విశ్వాసం లేకపోవడమే అన్నారు, అందరి ముందూ టాబ్లెట్ల షీట్ పారేయించారు, చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత ఆరు వారాలు నేను ఎలా ఉన్నానో రాయను. మా డాక్టర్ తిట్టకుండా మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టారు, అందుకే ఇవాళ ఇది రాస్తున్నాను. డాక్టర్‌ని అడగకుండా మందు ఆపమని ఎవరన్నా సరే, ఎంత పెద్ద దైవజనుడైనా సరే, సంచి సర్దుకుని వచ్చేయండి. మధ్యలో వచ్చేస్తే ఆశీర్వాదం పోతుందని భయపెట్టే చోట విడుదల ఏం దొరుకుతుంది చెప్పండి.

రెండో విషయం, గ్రూపులో చెప్పింది గ్రూపులోనే ఉంటుందని వాళ్లు అంటారు. ఉండదు. నేను చెప్పింది నెల తిరక్కుండా నాకే వేరేవాళ్ల నోట వినబడింది. కేథలిక్ ఫాదర్ దగ్గర పాపసంకీర్తనం చేస్తే ఆయన ప్రాణం పోయినా బయటపెట్టకూడదు, అది వాళ్ల చట్టం. గ్రూప్ లీడర్‌కి అలాంటి చట్టం ఏమీ లేదు, మంచితనం తప్ప. అందుకని ఎంత కదిలిపోయినా కొన్ని సంగతులు ఆ రాత్రి చెప్పకండి.

ఇంత జరిగాక కూడా నేను మళ్లీ వెళ్లాను, నాలుగేళ్ల తర్వాత. ఈసారి ముందే ఫోన్ చేసి విసిగించాను. నిద్ర ఎన్ని గంటలు, మధ్యలో వెళ్లిపోవచ్చా, మందులు వేసుకునేవాళ్ల గురించి మీరేమంటారు, ఒంటరిగా కూర్చోడానికి టైమ్ ఇస్తారా లేక పొద్దున్నుంచి రాత్రిదాకా ప్రసంగాలేనా. అవతలి సిస్టర్ విసుక్కోకుండా అన్నిటికీ చెప్పింది, దాంతోనే సగం ధైర్యం వచ్చింది. అక్కడ నాకు ఏ అద్భుతమూ జరగలేదు. రెండో రోజు తోటలో బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాను, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరి ముందూ బాగున్నట్టు కనబడనక్కర్లేదు అనిపించింది. నాకు తెలిసిన విడుదల అదే. ఇప్పటికీ మనసు బాగోలేనప్పుడు ఆ బెంచీ గుర్తు తెచ్చుకుంటాను, దానికి ఎడమ చెయ్యివైపు పలక ఒకటి ఊడి ఉండేది, కూర్చుంటే కిర్రుమనేది.

మూడోరోజు గారూ, మీరు ఫోన్ బోర్లా పెట్టి బయటికి నడిచిన ముక్క చదివి నాకు కళ్లు చెమర్చాయి.

---

తాళాల గుత్తి:

అదే నేనడిగింది తమ్ముడూ. నాలుగు పేరాలు టైప్ చేసేవాడివి, చేయలేదు. అది ఎక్కణ్నుంచి వచ్చిందంటావు? పిల్లల మీద అరిచావు, వెళ్లి సారీ చెప్పు, చిన్నవాళ్లే కదా అని వదిలేయకు.

ఇంకో మాట. యేసు డెబ్బై సార్లు ఏడుసార్లు క్షమించమన్నప్పుడు అన్ని తప్పులు చేస్తారని అనుకునేదాన్ని. ఇప్పుడు నాకనిపించేది, ఒకే తప్పుని అన్నిసార్లు క్షమించాల్సి వస్తుందేమో అని. చీటీ మీద రాసింది మొదటిసారి. మెసేజ్ వచ్చిన రోజు రెండోసారి. లెక్క రాసుకోకు, చాలా ఉంటాయి.

రిట్రీట్ వాళ్లు కనబడితే మొహం చాటేయాల్సిన పని లేదు. ఎలా ఉన్నావని అడిగితే, మండుతోంది, ప్రార్థన చేయండి అని చెప్పు. వాళ్లలో సగంమంది నీ చెయ్యి పట్టుకుని మాకూ అంతే అంటారు. నేను గదుల దగ్గర రెండోసారి వచ్చినవాళ్లని చాలామందిని చూశాను, నాకు తెలుసు.

---

జ్వాల77:

బ్రదర్, నేను తొందరపడి రాశాను. మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు. మందుల విషయంలో 'పేరెందుకు' సిస్టర్ చెప్పింది కూడా కరెక్ట్, మా దగ్గర అలాంటిది జరిగితే నేనే అడ్డుకుంటాను.

కానీ ఒకటి మాత్రం వెనక్కి తీసుకోను. అపొస్తలుడు పౌలు గలతీయ సంఘాలకి ఉత్తరం రాసినప్పుడు, క్రీస్తు మిమ్మల్ని స్వతంత్రుల్ని చేశాడు అని, వెంటనే, స్థిరంగా నిలబడండి, మళ్లీ కాడి కింద చిక్కుకోకండి అన్నాడు. ఊరికే ఉంటే మళ్లీ చిక్కుకుంటాం అనేగా? నేను కాపాడుకోమన్నది అదే, కాకపోతే చెప్పిన తీరు బాగోలేదు. ఇంకా, సమాధిలోంచి లేచొచ్చిన లాజరు కాళ్లూ చేతులూ కట్టేసే ఉన్నాయి. బతికించింది యేసు, కట్లు విప్పమని మాత్రం పక్కనున్నవాళ్లకి చెప్పాడు. ఈ పేజీలో అక్కలు, అన్నలు చేస్తున్నది ఆ పనే అనిపించింది. డిలీట్ చేయమన్నాను కదా, వద్దు, ఉంచండి.

---

మూడోరోజు:

నిన్న రాత్రి ఫొటోలు పంపాను. నాన్నవి 14 దొరికాయి, 13 పంపాను. మిగిలినదాంట్లో నాన్న మంచం పక్కన నేను కుర్చీలోనే నిద్రపోయి ఉంటాను, మా ఆవిడ తీసింది. దాన్నే ముందు పంపాలనిపించింది, ఎందుకు పంపాలనిపించిందో నాకు తెలుసు కాబట్టి పంపలేదు. ఫొటోల కింద ఏమీ రాయలేదు కూడా, రాస్తే ఏం రాస్తానో నాకే నమ్మకం లేక.

చూసినట్టు చూపిస్తోంది, జవాబు ఇంకా లేదు. పొద్దున్నించి పదిసార్లు ఫోన్ తీశాను.

నెమ్మది నడక గారూ, ఆ ఇంట్లోనే ఉండి చేసే పద్ధతి కేథలిక్ కానివాళ్లకి కూడా చేయిస్తారా? రోజుకి గంట అంటే కష్టమే, పిల్లలు లేవకముందు అరగంట కుదురుతుంది. మీరు మొదట్లో ఎంతసేపు కూర్చునేవారు?

---

నెమ్మది నడక:

చేయిస్తారు, ఏ సంఘమని అడ్డు చెప్పరు. నాతోపాటు చేసినవాళ్లలో ఇద్దరు బాప్టిస్టులు. నేను ఇరవై నిమిషాలతో మొదలుపెట్టాను, అందులో పది నిమిషాలు నిద్రే. గైడ్‌కి ఆ మాట సిగ్గుపడుతూ చెబితే, సరే, రేపు మిగతా పదీ కూర్చోండి అన్నారు.